హార్నెస్‌లోంచి వెనక్కి జారిపోతున్న కుక్కకి ఏ రకం కొనాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా రాజుగాడు రెండేళ్ల నాటు కుక్క, 18 కిలోలు. కాలవ గట్టు మీద కొంగ కనబడితే చాలు, నన్ను బురదలోకి లాగేస్తాడు. మెడపట్టీతో దగ్గు వస్తోందని హార్నెస్ (మెడకి బదులు ఛాతీ చుట్టూ బిగించే పట్టీలు) తెప్పించాను. రెండు వేళ్లు దూరేంత వదులుగానే బిగించా. అయినా వెనక్కి నడిచాడంటే తల తప్పించుకుని బయటపడతాడు. ఇంకాస్త బిగిస్తే ముందుకాళ్ల సందులో ఒరిసి ఎర్రగా కందింది. ఈ ఉక్కపోతకి పట్టీ తడి కూడా ఆరదు.

ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 62 సెంటీమీటర్లు, మెడ 40. నడుం మాత్రం సన్నం. గొలుసు ఛాతీ ముందు తగిలించే రకంతో లాగుడు తగ్గుతుందా? పొట్ట దగ్గర మూడో పట్టీ ఉంటే జారకుండా ఆగుతుందా? షాపతను మాత్రం "మీడియం సరిపోద్దండి" అంటున్నాడు, కుక్కని చూడకుండానే! వాడినవాళ్లు కాస్త చెప్పండి.