గాజా తీర్మానాలపై మన దేశం ఓటు ఎందుకు మారింది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. ఇక్కడి లైబ్రరీలో కొందరం కలిసి గ్రూప్-1 మెయిన్స్‌కు తెలుగు మీడియంలో చదువుతున్నం. విదేశాంగ విధానం దగ్గర ఒక చిక్కు వచ్చి పడ్డది.

2023 అక్టోబర్ 27న ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో గాజా తీర్మానం వచ్చినప్పుడు మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉన్నది. హమాస్ దాడిని పేరు పెట్టి ఖండించాలని కెనడా తెచ్చిన సవరణకు మాత్రం మద్దతిచ్చింది, అది నెగ్గలేదు. సరే, ఉగ్రవాదం మీద మన పట్టు అర్థమైంది. కానీ డిసెంబర్ 12న వచ్చిన కాల్పుల విరమణ తీర్మానంలో కూడా హమాస్ పేరు లేదు కదా! అయినా అనుకూలంగా ఓటేసిన 153 దేశాల్లో మనమూ ఉన్నం. నడుమ ఏం మారింది? పౌరుల మరణాలు పెరగడమా, అరబ్ దేశాలతో సంబంధాలా?

2022 మార్చి 2న ఉక్రెయిన్ తీర్మానానికి దూరంగా ఉన్నదాన్ని, గాజా తీర్మానానికి అక్టోబర్‌లో దూరంగా ఉన్నదాన్ని ఒకే గాటన కట్టొచ్చా? నాకైతే రెండింటి కారణాలు వేరే అనిపిస్తున్నది, మావాళ్లు ఒప్పుకుంటలేరు.

ఓటు తర్వాత మన ప్రతినిధి ఇచ్చే వివరణ పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుంది? దీన్ని బట్టీ పట్టి రాయడం మాకు ఇష్టం లేదు, అర్థం చేసుకోవాలని ఉన్నది. తెలుగులో మంచి విశ్లేషణ ఏదైనా ఉంటే చెప్పండి అన్నా, అక్కా.