మామూలు ఓటరు పార్టీ కండువా కప్పుకోవాలా, వద్దా?

పొలంగట్టు:
మాది గుంటూరు వైపు ఓ పంచాయతీ. మళ్లీ స్థానిక ఎన్నికల మాట మొదలయ్యేసరికి ఒక పార్టీ బూత్ కన్వీనర్ నన్ను సభ్యత్వం తీసుకోమని వెంటపడుతున్నాడు. నాకు పదవుల మీద మోజు లేదు, ఓటేసి ఊరుకునే రకం. కానీ 2021 ఫిబ్రవరి ఎన్నికలు చూశాక ఒక అనుమానం పట్టుకుంది. పేరుకి సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. మా ఊళ్లో మాత్రం ఒకే పార్టీవాళ్లు ఇద్దరు నామినేషన్ వేశారు. ఒకరికి ఉంగరం, ఇంకొకరికి కత్తెర వచ్చాయి. ఇద్దరూ ఒకే నాయకుడి ఫొటో పట్టుకుని తిరిగారు. అవతలి పార్టీవాళ్లు మనిషిని నిలబెట్టకుండా లోపాయికారీగా కత్తెరకి సాయం చేశారు. ఆ ఇద్దరే ఎందుకు నిలబడ్డారో, సర్దుబాటు ఎక్కడ చెడిందో ఊళ్లో పది మందికి మించి తెలియదు. ఆ పది మందిలో కూర్చోవాలంటే కండువా ఉండాలి. కప్పుకున్నవాళ్లు చెప్పండి, ఏమన్నా ఒరిగిందా?

ఏటిఒడ్డు:
కప్పుకోకండి. మా నాన్న ఏళ్ల తరబడి ఒక పార్టీ జెండా మోశారు. ప్రభుత్వం మారగానే సిమెంటు రోడ్డు సరిగ్గా మా వీధి మొదట్లో ఆగిపోయింది. పల్లెల్లో ఓటు రహస్యమన్నది మీరు నోరు తెరవనంత వరకే. కండువా వేసుకుంటే ఇక దాచేదేముంది?

పోనీ పార్టీ మిమ్మల్ని సలహా అడుగుతుందా అంటే అదీ లేదు. ఏపీలో మండల, జిల్లా పరిషత్ ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి. నామినేషన్లు 2020 మార్చిలో పడ్డాయి, కోవిడ్‌తో ఆగాయి. ఏడాది తర్వాత, పోలింగుకి వారం కూడా లేదనగా ప్రధాన ప్రతిపక్షం బహిష్కరిస్తున్నామంది. పార్టీ గుర్తు మాత్రం బ్యాలెట్ మీదే ఉంది! పైనుంచి వద్దంటున్నారు, మా ఎంపీటీసీ అభ్యర్థేమో వచ్చి వెయ్యండంటున్నాడు. నాన్న మధ్యాహ్నం దాకా అరుగు మీద నుంచి లేవలేదు. ఏప్రిల్ 8న వేసిన ఆ ఓట్లని కోర్టు కేసులు తేలాక సెప్టెంబరు 19న లెక్కపెట్టారు. సభ్యత్వం కార్డు ఉండి ఏం లాభం?

పాలమూరు బిడ్డ:
అన్నా, మీ కోపంలో న్యాయముంది. కానీ ఎన్నికలే లేని ఊరు ఎలా ఉంటుందో మేం చూశాం. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టేదాకా ప్రత్యేకాధికారుల పాలనే. పాలకవర్గాలు లేవని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టర్ డీజిల్‌కి, వీధి బల్బులకి కార్యదర్శులు చేతి డబ్బులు పెట్టుకున్నారు. ప్రత్యేకాధికారిని ఎవరు నిలదీస్తారు? ఆయన మన గడపకి ఓటడగడానికి రాడు కదా.

నేను ఒక పార్టీలో ఉన్నాను. సర్పంచ్‌కి గుర్తు ఇవ్వరు కానీ "పార్టీ బలపరిచిన అభ్యర్థి" అని ఒకరు ఉంటారు. ఆ ఒకరెవరో తేల్చే మీటింగ్ అంటే అరుపులు, అలకలు, మధ్యలో లేచిపోవడాలు, ఎమ్మెల్యే మనుషులకి ఫోన్లు. అయినా ఇసుక ట్రాక్టర్ల ఆసామికి మద్దతు ఇవ్వొద్దని మేం నలుగురం పట్టుబట్టాం, ఇవ్వలేదు. బయట ఉంటే ఆ మాట ఎవరితో అనేవాణ్ణి?

మేష్టారు (రిటైర్డ్):
ఈ రచ్చంతా లేకుండా ఏకగ్రీవం చేసుకుంటే పోలేదా? 2021లో ఏపీ ప్రభుత్వం ప్రోత్సాహకం కూడా ప్రకటించింది. 2,000 లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 10,000 దాటితే 20 లక్షలు. పోలింగు మర్నాటి నుంచి అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు.

ఏటిఒడ్డు:
మేష్టారూ, 2,000 మందికి 5 లక్షలంటే తలకి 250 రూపాయలు. ఓటుకిచ్చే రేటే ఇంతకంటే ఎక్కువ! అయినా ఏకగ్రీవం తేల్చడానికి కూర్చునే పెద్దమనుషుల్లో ఎస్సీ కాలనీవాళ్లు ఒక్కరైనా ఉంటారా? గుడికి విరాళమని సర్పంచ్ పదవిని వేలం వేసిన వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చదివాం. నేను కండువా వద్దన్నాను గానీ పోటీ వద్దనలేదు.

సంఘం లీడర్:
మీరంతా కప్పుకోవాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. మమ్మల్ని అసలు అడిగేదే ఉండదు. సభ ఉందంటే మహిళా సంఘాలవాళ్లని బస్సెక్కిస్తారు, దిగగానే మెడలో వేసేస్తారు. ఆ కండువాతో ఇంటికొచ్చి పొయ్యి మీద గిన్నె దింపుకుంటాం.

2025 డిసెంబరులో నేను ఏ పార్టీ దగ్గరికీ పోకుండా వార్డు మెంబరుకి నిలబడ్డాను. తెలంగాణలో డిపాజిట్ 500, బీసీలం కాబట్టి 250. జనం ధ్యాసంతా సర్పంచ్ గులాబీ బ్యాలెట్ మీదే ఉంటుంది. వార్డుది తెల్లది, దానికి ఎవరూ పెద్దగా డబ్బు పెట్టరు. అదే నాకు కలిసొచ్చింది. ఒంటిగంటకి పోలింగు ముగిసింది, రెండింటికి లెక్క మొదలైంది, చీకటి పడేలోపు గెలిచాను.

అసలు గోల అప్పుడు మొదలైంది. ఉపసర్పంచ్‌ని కూడా అదే రోజు మాలోంచి ఎన్నుకోవాలి. 2018 చట్టం ఆ పదవికి చెక్కు మీద సంతకం ఇచ్చినప్పటి నుంచి దానికి బాగా గిరాకీ. స్కూల్ గేటు దగ్గర రెండు వర్గాలవాళ్లూ కారు తలుపులు తీసి నిలబడ్డారు. మాట్లాడేది మా ఆయనతో, నాతో కాదు! గెలిచింది నేనని చెప్పాల్సి వచ్చింది. ఏ కారూ ఎక్కలేదు. మా వీధి మురికికాలువ మీద మొదటి సమావేశంలోనే తీర్మానం పెడతామని అందరి ముందూ ఒప్పుకున్నవాళ్లకి చెయ్యెత్తాను. ఓటేసి ఇంటికెళ్లినవాళ్లలో సగం మందికి అలాంటి ఎన్నిక ఒకటుందనే తెలియదు.

పొలంగట్టు:
అక్కా, కాలువ వచ్చిందా?

సంఘం లీడర్:
తీర్మానం అయింది. కాలువ రాలేదు. ప్రతి సమావేశంలో అడుగుతున్నా, నన్ను చూస్తేనే సర్పంచ్‌కి టెన్షన్.

ఏటిఒడ్డు:
చూశారా, కండువా లేకుండానే! పోటీ చేయలేకపోతే గ్రామసభకైనా వెళ్లండి. ఏపీలో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, ఉపాధి హామీ పనుల ఆమోదానికి. మా దగ్గర పశువుల షెడ్ల మీద పెద్ద గొడవే అయింది. ఎవరికి ఎందుకిస్తున్నారో మొదటిసారి అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది.

పాలమూరు బిడ్డ:
అది ఒక్క రోజు ముచ్చట. తెలంగాణ చట్టంలో రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని ఉంది. మా ఊళ్లో సభ జరగదు, రిజిస్టరే ఇంటింటికీ వచ్చి సంతకాలు పెట్టించుకుపోతుంది. సభ పెట్టించాలన్నా వెనక పది మంది ఉండాలి. ఆ పది మందిని ఎక్కడి నుంచి తెస్తారు? అక్క గెలిచింది నిజమే, కానీ ఆ చెయ్యి ఎత్తింది కూడా ఏదో ఒక వర్గానికే కదా.

సంఘం లీడర్:
అవును, కానీ బేరం నేను పెట్టాను.

పొలంగట్టు:
కన్వీనర్ రేపు వస్తానన్నాడు. అభ్యర్థిని తేల్చే రోజు నన్ను పిలుస్తావా అని అడుగుతాను. పిలుస్తానంటే సభ్యత్వం తీసుకుంటా.

ఏటిఒడ్డు:
పిలుస్తాననే అంటాడు. ఎవరింట్లో కూర్చుంటారో అడగండి.