కామిక్‌లో ఒక్క గడి మీమ్ అయింది, ఇప్పుడేం చేయాలి?
అన్నలూ అక్కలూ, జర చెప్పండి. నల్లగొండ గడియారం సెంటర్‌లో చిరిగిన గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ ఒకాయన మీద ఆరు గడుల కామిక్ గీసి ఇన్‌స్టాలో పెట్టాను, జనమేమో ఆఖరి గడి ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి, కింద నా సంతకం కత్తిరించేసి, కరెంటు పోయినా పరీక్ష వాయిదా పడ్డా అదే పెడుతున్నారు. సంతోషమే, కానీ కడుపుమంట కూడా ఉంది.

కార్టూనిస్ట్ కేసీ గ్రీన్ 2013లో గీసిన మంటల్లో కుక్క కామిక్‌ కూడా ఆరు గడులదే. కుక్క ముఖం కరిగిపోయే చివరి గడులు చాలామంది చూడనే లేదు, 'దిస్ ఈజ్ ఫైన్' అనే మొదటి రెండే మీమ్‌గా నిలిచాయి. టిమ్ బక్లీ 2008లో గీసిన 'లాస్' అనే కామిక్ కూడా మీమ్ అయింది, దాన్లో అసలు మాటలే లేవు.

మరి మాటలు తీసేసిన ఖాళీ గడి నేనే వదలాలా? సంతకం గొడుగు మీదే గీస్తే కత్తిరించలేరు, కానీ అప్పుడు వాడటం మానేస్తారా? ఇట్ల చేసినవాళ్లెవరైనా ఉన్నారా?