ఈ వారం సమస్య: “పోయినట్టివారు పోవలేదు”

నిర్వాహకుడు:
ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇచ్చాను. మిగతా మూడు పాదాల్లో 2020లో మనల్ని విడిచి వెళ్ళినవారు కనబడాలి. పాట, ఆట, నాట్యం, శాస్త్రం, ఏ రంగమైనా సరే. ఆ ఏడాది కరోనా వల్ల చాలామందిని కడసారి చూడటానికి కూడా వెళ్ళలేకపోయాం. ఆ బాకీ నా మనసులో ఇంకా ఉంది, అందుకే ఈ సమస్య.

గోదారిగట్టు:
రాత్రి బస్సు నడుపు డ్రైవరన్నకు తోడు
బాలు పాట మ్రోగు పల్లె దాక
కట్టె కాలె గాని కంఠమ్ము కాలదు
పోయినట్టివారు పోవలేదు

చిత్తూరు చిన్నక్క:
అన్నా, మొదటి రెండు పాదాలు చదవగానే మా ఊరి ఆఖరి బస్సు కళ్ళ ముందు ఆగింది. కానీ మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చెల్లిందా? రా ఎక్కడ, డ్రై ఎక్కడ? పైగా పక్కన ‘డ్రై’ అనే సంయుక్తాక్షరం ఉంది కదా, ‘నడుపు’లో పు గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా?

నిర్వాహకుడు:
చెల్లింది తల్లీ. ‘డ్రై’లో డకారంతో పాటు రేఫ (ర) కూడా ఉంది, ఆకారానికి ఐకారంతో మైత్రి ఉంది. సంయుక్తాక్షర యతి. ‘నడుపు’, ‘డ్రైవరన్న’ వేర్వేరు పదాలు, సమాసం కాదు కాబట్టి పు లఘువే (ఒక మాత్రే).
నాకు పేచీ మూడో పాదంతోనే. బాలు గారికి చితి పేర్చలేదండీ. సెప్టెంబరు 25న పోయారు, మర్నాడు చెన్నై దగ్గర తామరైపాక్కంలోని ఆయన తోటలోనే ఖననం చేశారు. ‘కట్టె కాలె’ అన్నది ఎవరికైనా అతికే మాట, ఆయనకు మాత్రం అతకదు. నివాళి పద్యంలో ఈ చిన్న సంగతి తప్పితే మనం ఆయన్ని తలుచుకున్నట్టు కాదు.

గోదారిగట్టు:
నిజమేనండీ, అలవాటు కొద్దీ రాసేశాను. మార్చాను:
మన్ను గప్పె గాని మరుగాయెనా గొంతు

నిర్వాహకుడు:
ఇదీ పాదమంటే! ఆ ప్రశ్న లోంచి నాలుగో పాదం తనంతట తానే వచ్చింది.

బొబ్బిలి వీణ:
వంగపండు గజ్జె వాకిట మ్రోగగా
శోభ సత్యభామ సొగసు చూప
ఆడిపాడు వారి యడుగుల సడి యుండ
పోయినట్టివారు పోవలేదు

చిత్తూరు చిన్నక్క:
ఆగస్టు 4న పార్వతీపురంలో జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు గారు, అక్టోబరు 14న హైదరాబాదులో కూచిపూడి నర్తకి శోభానాయుడు గారు పోయారు. ఆమెది అనకాపల్లి. ఇద్దరూ ఉత్తరాంధ్ర బిడ్డలే. జనం వాకిట్లో మోగిన గజ్జెనూ, కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారి శిష్యురాలి గజ్జెనూ ఒకే పద్యంలో కట్టారు. శ–స యతి కూడా హాయిగా ఉంది.

కొత్తచేతి కలం:
తొలి ప్రయత్నం, పెద్దలు దిద్దాలి.
బంతి నైదుసార్లు గోలులో కొట్టిన
బల్బిరన్న కర్ర పట్టు విడునె
మూడు స్వర్ణములను ముంగిట నిలిపిరి
పోయినట్టివారు పోవలేదు

నిర్వాహకుడు:
బాబూ, గణాలన్నీ కుదిరాయి. మొదటి పాదంలో బకు గో యతి కాదు. ప, ఫ, బ, భ, వ అక్షరాల్లో ఒకటి కావాలి. ‘వలలోకి పంపిన’ అను, యతితో పాటు గోలు వల కూడా కనబడుతుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద మనం కొట్టిన ఆరు గోల్స్‌లో ఐదు బల్బీర్ సింగ్ గారివే. 1948, 52, 56 మూడు స్వర్ణాలూ సరే. మే 25న ఆయన పోయిన సంగతి ఆ గందరగోళంలో చాలామందికి తెలియనే లేదు. నువ్వు తలచుకున్నావు, సంతోషం.

కొత్తచేతి కలం:
దిద్దుకున్నాను గురువుగారూ. ‘పోవలేరు’ అని ఉండాలేమో అనుకున్నాను మొదట.

నిర్వాహకుడు:
‘పోవలేరు’ అంటే పోయే శక్తి లేదని. మనకు కావలసింది అది కాదు.

పాలమూరు పైరగాలి:
గాజుపోగులోన కాంతిని నడిపించి
జగము కలిపినట్టి శాస్త్రవేత్త
వెలుగు దారిలోన వేవేల మాటలై
పోయినట్టివారు పోవలేదు

చిత్తూరు చిన్నక్క:
పద్యం బాగుంది, పేరు లేదే? ఎవరన్నా ఈయన?

పాలమూరు పైరగాలి:
నరీందర్ సింగ్ కపానీ అమ్మా. పంజాబులోని మోగాలో పుట్టిండు. 1954లో లండన్‌లో హాప్కిన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి, సన్నని గాజుపోగుల (ఆప్టికల్ ఫైబర్) కట్టలోంచి బొమ్మను పంపొచ్చని ‘నేచర్’ పత్రికలో చూపిండు. 2020 డిసెంబరు 4న పోయిండు. పేరు ఏ గణంలోనూ ఇమడలేదు, అందుకే పనే చెప్పిన. నేను పాలమూరులో రాసిన ఈ నాలుగు పాదాలు మీ చిత్తూరుకు చేరింది ఆ గాజుపోగులోంచే కదా.