బకింగ్‌హామ్ కౌంటీ (వర్జీనియా): 1869లో కోర్టు కాలిపోయింది, అంతకుముందు వంశం సంగతి ఎక్కడ దొరుకుతుంది?

రిచ్‌మండ్ కోడలు:
మా మామగారి వాళ్లది బకింగ్‌హామ్ కౌంటీ, నల్లజాతి కుటుంబం. నల్లజాతి చరిత్రకు పునాది వేసిన కార్టర్ వుడ్సన్ 1875లో మా కౌంటీలోనే పుట్టాడని గర్వంగా చెబుతారు. మామగారికి ఎనభై దాటాయి, తన ముత్తాతని కన్నవాళ్లెవరో తెలుసుకోవాలని కోరిక. 1870 జనాభా లెక్కల్లో ముత్తాత పేరు దొరికింది, అక్కడితో ఆగిపోయాం. కోర్టుతో పాటే దస్తావేజులు, వీలునామాలు పోయాయంటున్నారు. ఎవరైనా దారి చెప్పండి.

పాతకాగితాలు:
పోయిన మాట నిజమేనండి. జెఫర్సన్ గీసిచ్చిన నమూనాతో కట్టిన కోర్టు అది. కౌంటీ ఏర్పడిన 1761 నుంచి ఉన్న పుస్తకాలు చాలావరకు బూడిదయ్యాయి. కానీ పన్ను జాబితాల ప్రతి ఒకటి రిచ్‌మండ్‌లో రాష్ట్ర ఆడిటర్‌కి చేరేది. 1782 నుంచి మొదలయ్యే ఆ జాబితాలు ఇప్పుడు మీ ఊళ్లోనే, లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి. మన అడంగల్ చూసినట్టు ఏడాది తర్వాత ఏడాది చూస్తూ పోండి. ఒక రైతు పేరు పక్కన ‘ఎస్టేట్’ అని పడిందంటే ఆయన పోయాడన్నమాట. తర్వాతి ఏళ్లలో ఆ ఎకరాలు ఎవరెవరి పేర్ల మీదకి వెళ్లాయో చూస్తే వారసులు తెలుస్తారు.

లించ్‌బర్గ్ శ్రీను:
అక్కా, భూమి ఉన్నవాళ్లకి అది సరిపోతుంది. మీకు కావలసింది వేరు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకి విడిగా జాబితా రాశారు. పేరు గడిలో యజమాని పేరే ఉంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు, అంతే. మొదటిసారి చూసినప్పుడు నాకు చాలాసేపు నోట మాట రాలేదు. అందుకే ముందు యజమాని ఎవరో పట్టుకోవాలి. 1870లో మీవాళ్ల ఇంటికి అటూ ఇటూ ఉన్న తెల్ల రైతుల పేర్లు రాసుకోండి, చాలామంది పాత తోటల దగ్గరే ఉండిపోయారు. ఇంటిపేరు ఒకటే అయితే యజమాని అతనే అనుకోకండి, చాలా కుటుంబాలకి అది కుదరదు.

తర్వాత జనన నమోదులు చూడండి. వర్జీనియాలో 1853 నుంచి బానిస పిల్లల పుట్టుక కూడా యజమాని పేరు మీద రాసేవారు, చాలాచోట్ల తల్లి పేరుంటుంది. తండ్రి గడి ఖాళీ.

రిచ్‌మండ్ కోడలు:
తల్లి పేరు దొరికినా చాలు తమ్ముడూ, ఆయనకి పండగే. 1870లో ముత్తాత ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ తల్లో, అత్తగారో అర్థం కావట్లేదు.

సుజాత, రాలీ:
1870లో బంధుత్వం రాయలేదు. ఇంటి పెద్దకి ఏమవుతారో రాయడం 1880లోనే మొదలైంది, ఆవిడ అప్పటికి ఉంటే తేలిపోతుంది. 1890వి దాదాపు అన్నీ పోయాయి, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం పుణ్యమా అని. అది వదిలేసి 1900 చూడండి, పుట్టిన నెల, సంవత్సరం రెండూ ఉంటాయి.

పాతకాగితాలు:
ఇంకొకటి. 1845లో బకింగ్‌హామ్‌లో కొంత ముక్క అపొమాటాక్స్ కౌంటీలోకి వెళ్లింది, అక్కడి కోర్టు కూడా 1892లో కాలింది. ఊరు సరిహద్దు దగ్గరైతే రెండు కౌంటీల పన్ను జాబితాలూ తీయించండి. 1866 తర్వాతి వాటిలో 21 నిండిన నల్లజాతి మగవాళ్లు సొంత పేర్లతో ఉంటారు, ముత్తాతగారిని ముందు అక్కడ వెతకండి.