లోడై ముదురు ద్రాక్షతోటలు: సేంద్రియ సాగుకు మూడింతల ధర పెట్టాలా?

ట్రేసీ వాసి:
కాలిఫోర్నియాలో లోడై దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న వైనరీకి పోయినవారం వెళ్లాం. జిన్‌ఫాండెల్ అనే ద్రాక్షతో చేసిన వైన్ సీసా 38 డాలర్లు. మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్లో అదే రకం 12కే వస్తుంది. తోటలో అడుగుపెట్టగానే చెప్పుల నిండా ఇసుక. పందిరి లేదు, వైర్లు లేవు. ఒక్కో మొదలు నా తొడంత లావు, బెరడు పెచ్చులు లేచి ఉంది. ఆకు తుడిస్తే వేలికి పసుపురంగు పొడి అంటింది, గంధకం. సేంద్రియ సాగు కదా, గడ్డిమందు కొట్టరు, కలుపు పారతోనే తీస్తారు.

వేర్లను తినే ఫిలాక్సెరా పురుగు ఇసుకలో బతకలేదు. అందుకే ఇక్కడ అంటు కట్టకుండా సొంత వేర్ల మీదే నిలిచిన తోటలున్నాయి. 1886లో నాటిన బెక్తోల్డ్ తోట ఇప్పటికీ కాస్తోంది. అలాంటివి బతకాలంటే ఆ ధర పెట్టాల్సిందే అంటాను. మీరేమంటారు?

శంషాబాద్ రైతుబిడ్డ:
అన్నా, గంధకమూ మందే కదా! యూరప్‌లో సేంద్రియ రైతులు బూజు తెగులుకు కొట్టే బోర్డో మిశ్రమంలో ఉండేది మైలుతుత్తం, అంటే రాగి లవణం. ఆ రాగి నేలలో పడితే ఇక ఎటూ పోదు, వానపాములకు చేటు. అందుకే ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు దాటకూడదని అక్కడ పరిమితి పెట్టారు. ఇక సీసా మీద ‘ఓల్డ్ వైన్’ (old vine, అంటే ముదురు తీగ) అని రాసుకోవడానికి అమెరికాలో చట్టం ఏ వయసూ చెప్పలేదు. మా నాన్న అనాబెషాహి ద్రాక్ష పందిరి కూడా ముదురుదే. పాతదని ఎవరూ రూపాయి ఎక్కువివ్వలేదు, చివరికి ప్లాట్లయింది. ఒక్క మాటకు 26 డాలర్లు ఎక్కువా?

ట్రేసీ వాసి:
తమ్ముడూ, రాగి గురించి నువ్వన్నది నిజం. కానీ లోడైలో ఎండాకాలం వాన పడదు, బూజు తెగులు బెడద దాదాపు ఉండదు. వచ్చేది బూడిద తెగులు, దానికి గంధకం చాలు. వయసు సంగతీ ఒప్పుకుంటాను. దక్షిణాఫ్రికాలో 35 ఏళ్లు దాటిన తోటలకే ముద్ర ఇస్తారు, నాటిన సంవత్సరంతో సహా. ఇక్కడా అది రావాలి.

కానీ మీ నాన్నగారి పందిరి కథే నా వాదన. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధంలో ఇంట్లో వైన్ చేసుకునేవాళ్లు రైళ్లలో పళ్లు తెప్పించుకున్నారు, తోటలు నిలిచాయి. తర్వాత గులాబీరంగు జిన్‌ఫాండెల్‌కు గిరాకీ వచ్చింది, మళ్లీ నిలిచాయి. కొనేవాడుంటేనే తోట ఉంటుంది. ముదురు తోట ఎకరాకు ఇచ్చే రెండు మూడు టన్నులకు మామూలు రేటే ఇస్తే ఆ కుటుంబం ఎన్నాళ్లు ఆగుతుంది?

సాక్రమెంటో అక్క:
సీసా మీద ‘ఆర్గానిక్ వైన్’ అని ఉందా తమ్ముడూ? ఆ పార పట్టేది ఇంటివాళ్లా, కూలీలా? మూడింతల ధరలో వాళ్లకెంత చేరుతోంది?

ట్రేసీ వాసి:
‘సేంద్రియ ద్రాక్షతో చేసినది’ అని ఉందక్కా. ‘ఆర్గానిక్ వైన్’ అనాలంటే ఇక్కడ సల్ఫైట్ (వైన్ చెడిపోకుండా వేసే గంధకపు మందు) అసలు కలపకూడదు. వీళ్లు వేసేది కొద్దిగానే, ‘సేంద్రియ ద్రాక్షతో’ అన్న మాటకు 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద) దాకా ఒప్పుకుంటారు.

కూలీల సంగతి మాత్రం నేను అడగలేదు. ముందే అడగాల్సింది. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం, అడిగి ఇక్కడే రాస్తాను.