ప్రూఫు దిద్దేవారు ‘గోడౌన్’ను మార్చవచ్చునా?

బరంపురం నుంచి:
ఇక్కడి పట్టుచీరల వ్యాపారుల ఇంగ్లీషు ప్రకటనలకు నేను ప్రూఫులు దిద్దుతుంటాను. అమెరికాలోని కొనుగోలుదారులకు పంపవలసిన ఒక ప్రకటనలో ‘గోడౌన్’ను ‘వేర్‌హౌస్’ చేసి, ‘ప్రీపోన్’ను కొట్టివేసి, అమ్మకం అనుకున్న తేదీ కన్నా ముందే మొదలవుతుందని విడమరచి రాశాను. “అచ్చుతప్పులు చూడమన్నానే గానీ నా ఇంగ్లీషు మార్చమన్నానా?” అని ఆ వ్యాపారి నొచ్చుకున్నారు. నేను హద్దు దాటానా?

పర్లాకిమిడి నుంచి:
దాటారనే నా అభిప్రాయం. ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కిన మాట. ‘గోడౌన్’ అయితే మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలం మన ‘గిడ్డంగి’లోనే ఉందని చెప్పే పండితులున్నారు. ఒడియా మాటలు కలిసిన మన తెలుగును విశాఖపట్నం బంధువులు దిద్దబోతే మనకెంత కష్టంగా ఉంటుందో మరచిపోకండి.

రాయగడ నుంచి:
పర్లాకిమిడి వారి అభిమానం నాకర్థమైంది, కానీ ప్రకటన వేసేది సరుకు అమ్మడానికి. అయినా మీరిద్దరూ వాదించుకుంటున్న ‘గోడౌన్’ వల్ల పెద్ద ప్రమాదం లేదు. అది తెలియని అమెరికన్ అదేమిటని అడుగుతాడు. తనకు తెలుసుననుకున్న మాట వేరే అర్థంలో వస్తేనే అడగడు. ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే మనకూ బ్రిటిష్ వారికీ సభ ముందుంచడం, అమెరికన్లకు పక్కన పెట్టడం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట వల్ల ఇరుదేశాల అధికారులు, తాము కోరుతున్నది ఒకటేనని తెలియక, చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశారు. మన దుకాణాల్లో ‘స్కీమ్’ అంటే రాయితీ పథకం. అమెరికన్లకు అందులో ఏదో కుతంత్రం ధ్వనిస్తుంది. 04/05 అని వేస్తే మనకు మే 4, వారికి ఏప్రిల్ 5. వీటిలో అక్షరదోషం ఒక్కటీ లేదు కనుక, అచ్చుతప్పుల కోసమే వెతికే కన్ను వీటిని దాటిపోతుంది. మీ ప్రకటనలో ఇటువంటివి ఉన్నాయేమో చూశారా?

బరంపురం నుంచి:
ఇప్పుడే తీసి చూశాను. ‘స్కీమ్’ రెండు చోట్ల ఉంది, తేదీ కూడా అంకెల్లోనే ఉంది. అన్నీ నా చేతి మీదుగానే పోయాయి. ‘గోడౌన్’ను తిరిగి దాని చోట పెట్టేశాను. మిగిలినవాటిని నేనుగా మార్చకుండా, అంచున ప్రశ్నార్థకం వేసి, అమెరికాలో ఏమని చదువుకుంటారో పక్కనే రాసి ఆ వ్యాపారికి పంపుతున్నాను. ‘ప్రీపోన్’ మాత్రం నాకింకా తేలలేదు: ఆ మాట ఎరుగనివారు దాన్ని ‘పోస్ట్‌పోన్’కు అచ్చుతప్పనుకుంటే, ముందే రావలసినవారు ఆలస్యంగా వస్తారు.